గోనెసంచుల పక్కన పళ్ళెం

గద్వాల మార్కెట్ యార్డు వెనక సందులో నవ్య గురించి ఒక మాట నడుస్తూ ఉంటుంది. ఆమె బొద్దింకలను సాకుతుందట. పొద్దుగూకే వేళ పళ్ళెంలో జావ పోసి గోనెసంచుల పక్కన పెడుతుందట. తలుపు దగ్గరికి వేసి, పెదవులు కదిలిస్తూ ఏదో చదువుతుందట. అవి గోడల సందుల్లోంచి బిలబిలమంటూ వచ్చి, తాగి, ఆమె చెప్పిన పనికి పోతాయట. ఏం పని అని ఎవరైనా అడిగితే చెప్పేవాళ్ళు గొంతు తగ్గిస్తారు. మంచంలో పడి ఉన్న అత్త శాంతమ్మ మూతి ఎట్లా పుండై ఉండేదో చూడలేదా అంటారు.

"పాన్‌గల్ పక్క పిల్ల గదా. ఆ గుట్టల పొంటి ఉండేటోళ్ళకు గివన్నీ వస్తయి," అని కుళాయి దగ్గర ఒకామె తేల్చేసింది. పాన్‌గల్‌లో ఆమెకు తెలిసినవాళ్ళు ఒక్కరూ లేరు.

"అయినా అత్త మీద కోపముంటే ఒర్లుతరు, తిడుతరు. బొద్దింకలతోటి కొరికిస్తరా ఎవరన్న?" అంది ఇంకొకామె.

"మా అత్తకైతే బొద్దింకలు సాలవు. ఎలుగుబంటి గావాలె."

అందరూ నవ్వారు. నవ్వు అక్కడే పోయింది. మాట మాత్రం బిందెలతో పాటు ఇంటింటికీ వెళ్ళింది.

నవ్యకు లోకంలో అన్నిటికన్నా ఏదంటే భయమో ఆ కుళాయి దగ్గర ఎవరికీ తెలియదు.

ఆమె ఐదారేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు తల్లిదండ్రులు పుణె పక్కకు కాలువ పనికి పోతూ వెంట తీసుకుపోయారు. రేకుల గుడిసెలో కింద చాప మీద పడుకునేవాళ్ళు. ఒక తెల్లవారుజామున ఆమె చెవిలో బొద్దింక దూరింది. చెవిలో కాదు, తలకాయలోనే ఎవరో ఎండుటాకుల మీద నడుస్తున్నట్టు అనిపించింది. బయట ఉన్న శబ్దమైతే చెవులు మూసుకోవచ్చు. లోపల ఉన్నదాన్ని ఏం చేయాలి? తల్లి నూనె వెచ్చచేసి చెవిలో పోసి, తల పక్కకు వంచి మోకాళ్ళ మధ్య గట్టిగా పట్టుకుంది. అది చచ్చేదాకా తన్నుకుంది. తర్వాత ముక్కలుగా బయటికి వచ్చింది. ఆ తన్నుకోవడం ఆమెలో అట్లాగే ఉండిపోయింది.

అప్పటి నుంచి ఎండాకాలంలో కూడా చెవులకు గుడ్డ చుట్టుకునే నిద్రపోయేది. వనపర్తి హాస్టల్లో ఎనిమిదో తరగతి చదువుతుండగా దసరా సెలవుల తర్వాత రేకు పెట్టె తెరిచింది. పుస్తకాల మధ్య నుంచి రెండు పరుగెత్తాయి. పెట్టె వదిలేసి ఇంటికి వచ్చిన పిల్ల మళ్ళీ పోనని మొండికేసింది. చదువు ఆగడానికి ఇంట్లో వేరే కారణాలూ ఉన్నాయి. బొద్దింకకు జడిసి బడి మానేసిందని చెప్పడమే అందరికీ సులువైంది.

సాంసన్‌తో పెళ్ళయ్యాక గద్వాలకు వచ్చింది. అతను యార్డులో హమాలీ. లక్ష్మీదేవమ్మ అనే ఆవిడ ఇంటి వెనక భాగంలో ఒక గది అద్దెకు తీసుకున్నారు. రాతి గోడలు, పైన బండల కప్పు, ఒకే తలుపు, కిటికీ లేదు. అత్త శాంతమ్మ మంచి మాటకారి. ఆదివారం చర్చిలో పాటెత్తితే వీధి చివరికి వినిపించేది. కోడలు నోరు మెదపని పిల్ల కాబట్టి ఇద్దరి మాటలూ తనే మాట్లాడేది. "అవునత్తా అంటవని నాకు ఎరికె, నువ్వు అనకు, నేనే అనుకుంట," అనేది.

అట్లాంటి మనిషికి ఒకరోజు కల్లంలో పల్లికాయ చెరుగుతుండగా పక్షవాతం వచ్చింది. ఎడమ పక్క కాలు, చెయ్యి, మొహం పడిపోయాయి. మాట పోయింది. నోట్లోంచి "ఆ" తప్ప ఏమీ రాదు. ఎడమ చెంప మీద వేడి నీళ్ళ గుడ్డ పెట్టినా, చల్లనిది పెట్టినా ఆమెకు తేడా తెలియదు. ఏదైనా కావాలంటే కుడి చేత్తో మంచం పట్టె మీద టకటకా కొట్టేది.

దవాఖాన తిరుగుళ్ళు అయ్యాక యార్డు పని సరిపోక సాంసన్ గుంపుతో పాటు హైదరాబాద్ దాటి ఎక్కడో రోడ్డు పనికి పోయాడు. పోతూ పోతూ తల్లి కాళ్ళు పట్టుకుని, భార్య వైపు చూసి, "నీ మీద ఏసి పోతున్న," అన్నాడు. అంత బరువైన మాట నవ్య మీద అంతకు ముందెవరూ వేయలేదు. అత్తను వదిలి కూలికి పోలేదు కాబట్టి గదిలో కూర్చుని చేసే పని వెతుక్కుంది. అదే గోనెసంచుల పని.

యార్డులో చినిగిన సంచులను రాజు అనే అతను ట్రాలీ ఆటోలో తెచ్చి గదిలో కుప్ప పోస్తాడు. హమాలీల ఇనుప కొక్కేలు దిగిన బొక్కలు, ఎలుకలు కొరికిన మూలలు. పూర్తిగా పాడైన సంచిని కోసి మాసికలు చేసి, దబ్బనంలో సుతిలి దారం ఎక్కించి కుట్టాలి. ఈ పనిలో ఒక ఆనవాయితీ ఉంది. సంచి మూలల్లో ఇరుక్కుని మిగిలిన గింజలు కుట్టేవాళ్ళవే. ఏ సంచిలో ఏం పోశారో ఎవరికి గుర్తు, పల్లీలు, కందులు, వడ్లు అన్నీ కలిసి రాలేవి. నవ్య వాటిని ఊడ్చి ఒక రేకు డబ్బాలో పోసేది. ఎలుకలు ముట్టకుండా ఆ డబ్బాను అత్త మంచం కింద పెట్టేది. నిండాక చెరిగి వండుకోవచ్చని.

మొదటి కుప్ప దులిపిన రోజే సంచుల్లోంచి బొద్దింకలు రాలాయి. నవ్య బయటికి ఉరికింది.

"అవి ఫ్రీ అక్కా," అన్నాడు రాజు నవ్వుతూ. "కూలి సంచులకే, వాటికి గాదు."

"తీస్కపో తమ్మీ, నాకొద్దు."

"ఏం తీస్కపోవాలె? అన్ని సంచులల్ల ఉంటయి. పులికి భయపడాలె గని బొద్దింకకు భయపడితే ఎట్ల?"

పులి గదిలోకి రాదు కదా అని నవ్య అనుకుంది. పని వద్దంటే ఇంకో పని లేదు. చెవులకు గుడ్డ చుట్టుకుని కుట్టడం మొదలుపెట్టింది.

కొన్ని వారాలకు ఒక పొద్దున శాంతమ్మ పెదవి ఎడమ చివర చిన్న గాటు కనిపించింది. నోటిపూత అనుకుని తేనె రాసింది. గాటు పెద్దదైంది, పక్కన మరొకటి వచ్చింది. దవాఖానలో నర్సమ్మ చూసి, "బొద్దింక గొరికింది. ఇంత నిద్రనా మీకు?" అంది. అత్తకు ఆ చెంప మీద ఏం పాకినా తెలియదు. నవ్యకు తెలుసు, కానీ తెలిసి ఏం చేయగలదు?

ఏం చేయగలదో అదే వారం తేలిపోయింది. మధ్యాహ్నం వాన పడుతుంటే కరెంటు పోయింది. గది పట్టపగలే చీకటైంది. బయట ఆరేసిన బట్టలు తీసుకుని వచ్చిన నవ్య గడప మీద ఆగిపోయింది. శాంతమ్మ మేలుకునే ఉంది. ఆమె ఎడమ చెంప మీద, పెదవి పక్కన, పొద్దున తాగిన జావ తడి దగ్గర, పెద్ద బొద్దింక ఒకటి మీసాలు ఆడిస్తూ నిలబడి ఉంది. శాంతమ్మకు ఆ సంగతి తెలియదు. కోడలిని చూసి, కదిలే సగం మొహంతో నవ్వింది.

నవ్య కాళ్ళు కదలలేదు. చేతుల్లో తడిబట్టలు ఉన్నాయి, ఒకటి విసిరినా పోయేది. చెవిలో ఆ ఎండుటాకుల నడక మొదలైంది. తన మొహం చూసి అత్త నవ్వు మెల్లగా తగ్గడం, కళ్ళు చిన్నవి కావడం, చివరికి ఆమె కుడి చేత్తో కొంగు లాక్కుని పడిపోయిన సగం మొహాన్ని కప్పుకోవడం అన్నీ చూసింది. కొంగు తగిలి బొద్దింక దిండు కిందికి పోయింది. కోడలు తన వంకర మొహం చూసి జడుసుకుందని శాంతమ్మ అనుకుంది. ఆ తర్వాత చాలా రోజులు నవ్య దగ్గరికి వస్తే మొహం గోడ వైపు తిప్పుకునేది.

"అత్తా, నిన్ను చూసి గాదు," అని నవ్య ఒకసారి చెప్పబోయింది. మరి దేన్ని చూసి అంటే, నీ మొహం మీద అది ఉంటే తీయకుండా నిలబడ్డానని చెప్పాలి. చెప్పలేకపోయింది.

ఏవేవో చేసింది. మంచం కోళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెట్టింది. అవి బండల కప్పు సందుల్లోంచి పైనుంచి రాలాయి. దోమతెర కట్టింది. తెల్లారి చూస్తే రెండు లోపలే ఉండి, బయటికి దారి లేక తెర చుట్టూ, అత్త చుట్టూ తిరుగుతున్నాయి. ఆ తెర విప్పడానికి నవ్యకు ముచ్చెమటలు పట్టాయి. ఫోన్‌లో సాంసన్‌తో చెప్పుకుంటే, ధరూర్‌లో తన దోస్తు అనిల్‌కు చెప్తానన్నాడు. అనిల్ మర్నాడే బండి మీద వచ్చాడు. పత్తికి కొట్టగా మిగిలిన మందును కూల్‌డ్రింక్ సీసాలో పోసుకుని తెచ్చాడు.

"గిది ఇంట్ల కొట్టొచ్చునా అన్నా?" అని నవ్య అడిగింది.

"పురుగన్నంక పురుగే చెల్లె. పత్తిల సచ్చేది ఇంట్ల సావదా?"

ఆ మాటలో తప్పేమిటో ఆమెకు తోచలేదు. ధరూర్, వడ్డేపల్లి పక్క ఏ ఇంటి చూరులో చూసినా అట్లాంటి సీసా ఒకటి ఉంటుంది. ఇద్దరూ కలిసి శాంతమ్మను మంచంతో సహా వాకిట్లోకి మోశారు. అనిల్ గదంతా కొట్టి పోయాడు. నేలంతా వెల్లకిలా పడి కాళ్ళు ఆడించే బొద్దింకలే. నవ్య కళ్ళు సగం మూసుకుని చీపురుతో ఊడ్చింది. వాసన తగ్గిందనుకుని సాయంత్రం అత్తను లోపలికి చేర్చింది. కిటికీ లేని గది. చీకటి పడకముందే శాంతమ్మకు ఎగశ్వాస మొదలైంది. నోట్లోంచి నురగ వచ్చింది. లక్ష్మీదేవమ్మ కేకలకు సందంతా జమయింది. ఆటోలో దవాఖానకు తీసుకుపోయారు. ప్రాణం దక్కింది. డాక్టరు మాత్రం, మనిషి పడుకునే గదిలో పత్తి మందు కొట్టిన దానివి నువ్వొక్కదానివే అనుకోకు, ప్రతి ఏడూ ఒకరు వస్తారని తిట్టాడు. ఇంకోసారి ఏ మందూ ఆ గదిలోకి రావద్దన్నాడు.

సందులో మాట పుట్టింది ఆరోజే. అత్తకు మందు పెట్టిందట అన్నారు. మందు కొట్టడం, మందు పెట్టడం ఒకటి కాదని ఎవరు ఆలోచిస్తారు?

నాగర్‌కర్నూల్ నుంచి ఆడబిడ్డ రూతమ్మ ఫోన్ చేసింది. "ఏం పిల్లా, మా యమ్మ నీకు అడ్డమైందా?"

"గట్ల గాదు వదినె..."

"ఎట్ల మరి? నోరు తెరిచి చెప్పు. నోరు లేదంటరు గని నీకు చేతులు మస్తున్నయి."

సాంసన్, "జర చూసి చేయరాదు," అని మాత్రం అన్నాడు. సీసా తెచ్చింది అతని దోస్తే అని అతనికీ గుర్తు రాలేదు, ఆమే గుర్తు చేయలేదు.

వారం తిరగకముందే గదిలో గోరంత కూడా లేని పిల్ల బొద్దింకలు తిరగసాగాయి. మందుకు చచ్చినవి చచ్చాయి, గుడ్లకు ఏమీ కాలేదు. ఇక మందు లేదు, పని మానలేదు, గది మారలేదు. అప్పుడు నవ్యకు మిగిలింది చూడటం ఒక్కటే.

తాగి వచ్చే మొగుడి అడుగుల చప్పుడు భార్యకు తెలిసినట్టు, భయపడేవాళ్ళకు భయపెట్టేదాని పోకడ తెలిసిపోతుంది. సంచులు కుడుతూ ఓరకంట చూసేది. అవి గది మధ్యలోంచి నడవవు, గోడ అంచునే పోతాయి. ఒళ్ళు రెండు పక్కలా ఆనే ఇరుకు దొరికితే ఆగుతాయి, అందుకే మడత పెట్టిన సంచులంటే వాటికి ఇష్టం. ఆమె వాటిని చూడకముందే ఆమె వచ్చే గాలి వాటికి తెలుస్తుంది. ఆమె అడుగు వేస్తే అవే పరుగెత్తుతాయి. తిన్నాక మీసాలను ఒక్కొక్కటి నోటికి లాక్కుని తుడుచుకుంటాయి, అన్నం తిని మూతి తుడుచుకునే మనిషిలాగే. ఇవన్నీ ఆమె ఇష్టంతో నేర్చుకోలేదు.

ఒక పొద్దున సంచి మడతలో తెల్లటిది ఒకటి కనిపించింది. పాలలాగా తెలుపు, నల్లటి కళ్ళు. పక్కన దాని పాత పెంకు ఖాళీగా పడి ఉంది. మెత్తగా ఉంది, కదలడానికి కూడా భయపడుతున్నట్టు ఉంది. కుట్టడం ఆపి చూస్తూ ఉండిపోయింది. మధ్యాహ్నానికి అది లేత గోధుమరంగు అయింది, సాయంత్రానికి అన్నిటిలాగే అయింది. ఆ కొద్ది గంటలు అది ఎవరు ముట్టినా చచ్చేంత మెత్తగా ఉందని ఆమెకు అర్థమైంది. చీపురు పక్కనే ఉంది. ఎందుకో ముట్టలేదు.

రేకు డబ్బా సంగతి కూడా అప్పుడే బయటపడింది. ఒకరోజు పల్లీలు చెరుగుదామని మంచం కింద నుంచి లాగి మూత తీసింది. గింజల మధ్య కదలిక. ఇన్నాళ్ళూ కంది గింజ ముక్కలనుకుని ఊడ్చి పోసినవాటిలో కొన్ని నోరు తెరుచుకుని ఉన్నాయి. ముదురు గోధుమరంగు, ఒక అంచున సన్నని పళ్ళు. వాటిలోంచి చీమల్లాంటి పిల్లలు వరుసగా దిగుతున్నాయి. అవి గుడ్ల సంచులు. గోనెల్లోంచి ఏరి, డబ్బాలో దాచి, మూత పెట్టి, అత్త తలకింద తన చేతులతో తానే పెట్టింది. డబ్బాను వాకిట్లో బోర్లించి లక్ష్మీదేవమ్మ కోళ్ళను పిలిచింది. కోళ్ళు తింటుంటే గోడకు ఆనుకుని కూర్చుంది. ఎవరి మీద కోపం రావాలో తెలియలేదు.

డబ్బా పోయాక కొంత తగ్గాయి. రాజు తెచ్చే ప్రతి కుప్పతో మళ్ళీ కొన్ని వచ్చేవి.

మళ్ళీ ఒక వాన మధ్యాహ్నం. శాంతమ్మ గోడ వైపు తిరిగి ఉంది, ఎడమ చెంప పైకి ఉంది. నవ్య జావ గిన్నెతో దగ్గరికి వచ్చేసరికి దిండు అంచు మీద నుంచి ఒకటి చెంప మీదికి ఎక్కుతోంది. చీపురుతో కొడితే అత్త మొహం మీద తగులుతుంది. గాలికి పరుగెత్తుతాయి కదా అని వంగి ఊదింది. అది పరుగెత్తింది, కానీ పెదవి వైపే పరుగెత్తింది. ఇక ఆలోచించడానికి ఏమీ మిగల్లేదు. చెయ్యి పోయింది. నవ్య పంపితే పోలేదు, అదే పోయింది.

పిడికిట్లో అది గీరుకుంది. కాళ్ళ ముళ్ళు గుచ్చుకున్నాయి. చెవిలో తన్నుకున్నదీ ఇదే. అయితే బరువు లేదు, ఉల్లిపొరంత కూడా లేదు. ఇంత తేలికైన దానికా ఇన్నేళ్ళూ భయపడ్డానని అనిపించింది. తలుపు దాకా నడిచి బయట చెయ్యి తెరిచింది. అది వానలోకి పోయింది. నవ్య సబ్బుతో చెయ్యి కడుక్కుంది, మళ్ళీ కడుక్కుంది.

లోపలికి వచ్చేసరికి శాంతమ్మ మొహం ఇటు తిప్పి ఉంది. నవ్య తలుపు వైపు పోతున్నప్పుడే పిడికిట్లోంచి బయటికి వచ్చిన మీసాలను ఆమె చూసింది. ఇప్పుడు నవ్య చేతిని చూసింది, తన చెంపను కుడి చేత్తో తడుముకుంది. మంచం పట్టె మీద మెల్లగా కొట్టింది. నీళ్ళా అని నవ్య అడిగితే తల అడ్డంగా ఊపింది. జావా అంటే అదీ కాదు. ఏం కావాలో తెలియలేదు. అప్పటి నుంచి మాత్రం ఆమె మొహం గోడకు తిప్పుకోవడం మానేసింది.

అవి మనిషి కోసం రావడం లేదని, జావ కోసం, తడి కోసం వస్తున్నాయని నవ్యకు ఆరోజు తేలింది. అందుకే గాట్లన్నీ జావ కారే ఎడమ పక్కనే. అంతకు ముందు ఒకసారి గిన్నె ఒలికి సంచుల పక్కన జావ మరక కట్టిన సాయంత్రం అన్నీ అక్కడే గుమిగూడటం, మంచం వైపు ఒక్కటీ పోకపోవడం గుర్తొచ్చింది. ఆకలి తీరే చోటు ఇంకొకటి ఉంటే అత్త పెదవి దాకా ఎందుకు వస్తాయి? పొద్దు ఉండగానే శాంతమ్మకు తాగించి, చెంప తడిగుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో అద్ది, దిండు తిరగేసేది. తర్వాత ఒక పాత పళ్ళెంలో గంటెడు జావ పోసి గోడ అంచున, గోనెసంచుల పక్కన పెట్టేది. పక్కనే తడిపిన గుడ్డ ముక్క. పళ్ళెం పెట్టడానికి వంగినప్పుడు సంచుల మడతల్లో మీసాలు కదిలేవి. "యేసయ్యా, యేసయ్యా" అని పెదవులతోనే అనుకుంటూ పెట్టి, వెనక్కి చూడకుండా వచ్చేది.

పెదవి మీద పుండ్లు ఎండాయి. పొక్కులు రాలాయి. వీడియో కాల్‌లో సాంసన్‌కు అత్త మొహం దగ్గరగా చూపించింది. "మంచిగున్నది గదా అమ్మ," అన్నాడు. ఎందుకు మంచిగుందో అడగలేదు. మేస్త్రీ పిలుస్తున్నాడని పెట్టేశాడు.

పళ్ళెం లక్ష్మీదేవమ్మ కంటపడింది.

"ఇదేంది నవ్యా? పిల్లి గిట్ల తెచ్చినవా?"

"పిల్లి గాదమ్మా. బొద్దింకలకు."

"బొద్దింకలకా?"

"ఈడ పెడితే ఈడికి వస్తయి. మా అత్త దిక్కు పోవు."

ఆమె కొత్త అద్దెమనిషిని చూసినట్టు చూసింది. లక్ష్మీదేవమ్మ రోజూ పొద్దున వాకిట్లో బియ్యప్పిండి ముగ్గు వేస్తుంది, చీమలకు పుణ్యానికి పెడుతున్నానంటుంది. చీమకు పెడితే పుణ్యం, బొద్దింకకు పెడితే ఏమిటో నవ్యకు తెలియదు. రెండు రోజుల్లో తెలిసింది. పెడితే వస్తాయన్న మాట కుళాయి దగ్గరికి చేరేసరికి పిలిస్తే వస్తాయని అయింది. అక్కడి నుంచి పంపితే పోతాయని అయింది. పాత మందు సీసా కూడా దానికి తోడైంది. రాజు కూడా సంచులు గడప బయటే దించసాగాడు.

రూతమ్మ ఒక ఆదివారం మాట్లాడుకున్న ఆటోలో నాగర్‌కర్నూల్ నుంచి వచ్చింది. చెప్పులు విప్పకుండా లోపలికి నడిచి, నేరుగా సంచుల మూలకు పోయి పళ్ళెం చూసింది. కడగాల్సిన పళ్ళెం, అడుగున జావ మరక, దాని మీద నల్లటి చుక్కలు.

"నిజమేనన్నట్టు," అంది చాలా మెల్లగా. అరిచి ఉంటే నవ్యకు ఇంత భయం వేసేది కాదు.

"వదినె, అత్త మూతి చూడు..."

"చూస్తున్న. మచ్చలు కనవడ్తున్నయి."

"అవి పాతయి. ఇప్పుడు లేవు. నేను పళ్ళెం పెట్టిన కాంచి..."

"పెట్టిన అని నీ నోటితోనే అంటున్నవు." రూతమ్మ గొంతు పగిలింది. "పాట పాడితె చర్చి అదిరేది మా యమ్మ. గీ చీకటి కొట్టంల పురుగులకు పెట్టినట్టు పెట్టిండ్రు. నా ఇంట్ల టైల్స్ ఏసినం. ఒక్క పురుగు లేదు. నేను తీస్కపోత."

ఆమె తల్లి పక్కన కూర్చుని ఏడ్చింది. కొంగుతో తల్లి మొహం తుడిచింది, కుడి చెంప, నుదురు, గడ్డం. రూతమ్మ చెడ్డది కాదు. కన్నబిడ్డ ఎవరైనా అంతే చేస్తుందని నవ్యకు కూడా అనిపించింది. సాంసన్‌కు ఫోన్ కలిపితే, "కొన్ని దినాలు ఉండనీ తీయి, నీకూ ఆసాన్ అయితది," అన్నాడు.

లక్ష్మీదేవమ్మ, ఆటో అతను ఓ చెయ్యి వేశారు. శాంతమ్మను ఎత్తుతుంటే ఆమె కుడి చెయ్యి మంచం పట్టెను పట్టుకుంది. రూతమ్మ వేళ్ళు ఒక్కొక్కటే విడదీస్తూ, "నేనేనమ్మా, నీ బిడ్డను," అంది. ఆటో వెనక సీట్లో పరుపు వేసి పడుకోబెట్టారు. నవ్య దగ్గరికి వెళ్ళి, "వదినె, తాగించినంక ఎడమ పక్క తుడువాలె. ఆ పక్క ఆమెకు తెల్వదు. తడి ఉంటే..." అంది. ఆమె జీవితంలో నలుగురి ముందు అంత పొడుగు మాట అనడం అదే మొదలు. ఆటో ఇంజను చప్పుడులో రూతమ్మ విన్నదో లేదో, "నాకు చెప్తున్నవా," అని మాత్రం అంది.

శాంతమ్మ చెయ్యి పరుపు మీద కొడుతోంది. మెత్తటి పరుపు, చప్పుడు రాలేదు.

ఆ సాయంత్రం నవ్య పొయ్యి మీద జావ కలిపి, తాగే మనిషి లేదని గుర్తొచ్చి గంటె దించింది. పళ్ళెం కడిగి బోర్లించింది. సంచుల మడతల్లో మీసాలు కదులుతున్నాయి. చెవులకు గుడ్డ చుట్టుకుని, దబ్బనం తీసుకుని కూర్చుంది.

కుళాయి దగ్గర ఇప్పుడు మాట ఇంకొంచెం పెరిగింది. బిడ్డ కళ్ళారా చూసి పట్టుకుందని, పట్టుబడ్డాక నవ్య నోట మాట రాలేదని, తల్లిని బతికించుకుని తీసుకుపోయిందని చెప్తారు.

శాంతమ్మను ఆటో ఎక్కించిన రోజు ఆమె పెదవి మీద పుండు లేదు. పళ్ళెం పెట్టిన మొదటి సాయంత్రం నుంచి ఆ మొహం మీద ఒక్క కొత్త గాటు కూడా పడలేదు.